ముట్టుకున్నప్పుడు

ఆదివారం ఆరాధన ముగిసింది. నారాయణగూడలోని ఆ చర్చి వరండాలో, బైబిలు వాక్యం చదవడం నేర్పే పెద్దావిడ పక్కన సరిత బైబిలు తెరుచుకుని కూర్చుంది.

"కుష్ఠురోగి కథే గద ఆంటీ. చిన్నప్పటి సంది విన్న. ప్రభువు బాగుచేసిండు, అంతే."

"విన్నావులే. ఇప్పుడు చూడు. ఆయన ఏమేం చేశాడో వరసగా చెప్పు."

సరిత వేలు పెట్టి చదివింది.

"చెయ్యి చాపిండు. ముట్టిండు. బాగుపడమన్నడు. రోగం పోయింది."

"ముట్టుకున్నప్పుడు రోగం ఉందా, పోయిందా?"

సరిత మళ్లీ మొదటికి వెళ్లింది. ఈసారి ఒక్కో మాట దగ్గరా ఆగింది.

"ఉన్నది ఆంటీ. బాగైనంక ముట్టిండని నేననుకున్న ఇన్నొద్దులు."

"చాలామంది అలాగే చదువుతారమ్మా."

సరిత వేలు ఆ మాట మీదే ఉండిపోయింది.

"మా చెల్లె చెప్పకుండ పెండ్లి చేసుకున్నది. తప్పు ఒప్పుకుంటెనే గడప తొక్కమన్న. ఫోన్ చేస్తే ఎత్తుతలేను."



"తర్వాతి వచనం చదువుదామా?"

"వచ్చే వారం చదువుత ఆంటీ. చెల్లె ఉండే కవాడిగూడకు ఇప్పుడు బస్సుంటదా?"

"ఆదివారం బస్సులు తక్కువ. ఆటోలో వెళ్లు."