ప్రమాణానికి పోయే బస్సు

చిత్తూరు బస్టాండులో కాణిపాకం బస్సెక్కి కూర్చున్న భార్య కిటికీ దగ్గరికి, తిరుపతి ఆసుపత్రిలో ఇచ్చిన తన తండ్రి స్కాన్ కవరుతో భర్త పరుగెత్తుకొచ్చాడు.

“దిగు మే. గుళ్లో ప్రమాణం అక్కర్లేదు.”

“సంగట్లో విషం పెట్టినానని మీ నాయన ఊరంతా చెప్పినాడు. దేవుని ముందర కాదని చెప్పొద్దా?”

“అది ఆయన తప్పు గాదు, జబ్బు. సూడు, మెదడు ముందరి పక్క ఎంత కరిగిపోయుండాదో. మతిమరుపే కాదు, ఆ కోపం, అనుమానం కూడా దీన్నుంచేనంట. డాక్టరు వేలు పెట్టి చూపించినాడు.”

“పాపం ముసలాయన. పోయినేడు దాకా నన్ను అమ్మా అనే పిలిచినాడు.”

“అదే చెప్తుండా. ఇంక నీమీద అనుమానం లేదు, దిగు.”

“ఎవురికి లేదు?”

“నాకే.”

“అంటే నిన్నటిదాకా ఉన్నింది.”

“బస్సు కదలతాది, దిగు మే.”

“నువ్వే ఎక్కు. మీ నాయనకు మెదడు కరిగింది. నీకేమైందో దేవుని ముందర చెబుదువు.”