బైండింగుకెళ్లిన గెజిట్

1974 ఎండాకాలం. విజయవాడ వన్ టౌన్‌లోని ఒక గ్రంథాలయం. మందుల పెట్టె చేత్తో పట్టుకుని ఒక పెద్దమనిషి లైబ్రేరియన్ బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"డిగ్రీ లేనివాళ్లు వైద్యం చెయ్యకూడదన్న బిల్లు ఏమైందండీ? పాసయిందా?"

"రండి డాక్టరుగారూ, కూర్చోండి."

"ఆ పిలుపు ఇంకెన్నాళ్లో కనుక్కుందామనే వచ్చానండీ. ఇరవై ఏళ్లు కాంపౌండరుగా చేశాను గానీ, చేతిలో కాగితం లేదు కదా."

"అది అచ్చయిన గెజిట్ బైండింగుకెళ్లిందండీ."

"అచ్చయిందా? అంటే పాసయినట్టేగా!"

"నేనలా అన్నానా?"

"గెజిట్ వచ్చింది నిన్ననేగా. ఏడాది తిరక్కుండా బైండింగేంటండీ?"

"అట్ట చిరిగింది."

"గెజిట్‌కి అట్టెక్కడిదండీ?"

"అబ్బ, మీతో వేగలేనండీ! హెల్త్ ఇన్‌స్పెక్టరుగారు కూడా కొత్త చట్టాలన్నీ ఇక్కడికొచ్చే చదువుతారు. ఇందాకే వచ్చి అడిగారు. ఆయనకీ ఇదే చెప్పాను."

"మరి ఎప్పుడొస్తుందన్నారు?"

"మా అమ్మకి మీరింకా ఎన్ని ఇంజక్షన్లు చెయ్యాలి?"

"రోజుకొకటి చొప్పున పదహారండీ."

"అయితే పదిహేడో రోజున వస్తుంది."