బంగారయ్య పేరు తియ్యనివ్వని కంప్యూటర్

...అదే తల్లీ, అసలు సంగతికి రావడానికి ఇంతసేపు పట్టింది, ఏటీ అనుకోకు. ఇది నాలుగో వాయిస్ మెసేజ్ అని నాకూ తెలుసు. కానీ ధనశ్రీ, రేపు డేటాబేస్ పరీక్షలో ఫారిన్ కీ అంటే ఏటని అడిగితే పుస్తకంలో ముక్కలు గుర్తు రావు, మీ మావయ్య సెప్పిన బంగారయ్య గారి కథ గుర్తొత్తాది. కన్నబాబు టీ కొట్టు దగ్గరున్నాను. ఎదురుగా మా చెరుకు సంఘం ఆఫీసు, బంట్రోతు ధనరాజు ఇంకా తాళం తియ్యలేదు. పక్క బెంచీ మీద కాసులమ్మొదిన ఉన్నారు, బంగారయ్య గారి ఇల్లాలు. ఈ ఏడు ఆవిడకి కటింగ్ ఆర్డర్ రాలేదు. అది లేకపోతే ఫ్యాక్టరీవోళ్ళు బండి లోపలికి రానివ్వరు, చెరుకు చేలోనే ఎండిపోద్ది. ఇయ్యాల ఆ పని సేయించేత్తానన్నాను.

సరే, విను. మా కంప్యూటర్‌లో రెండు పట్టికలు. ఒకదాంట్లో రైతులు, ఒక్కో రైతుకీ ఒక నంబరు. రెండోదాంట్లో మడులు. ప్రతి మడి పక్కనా అది ఏ రైతుదో ఆ నంబరు. మడి పక్కనున్న ఆ నంబరే ఫారిన్ కీ. లేని రైతు నంబరేసి మడి ఎక్కిద్దామంటే కంప్యూటర్ ఒప్పుకోదు. మడులుండగా రైతు పేరు తీసేద్దామన్నా ఒప్పుకోదు. ఆ కాపలా ఎట్టింది ఎవులనుకున్నావు? మీ మావయ్యే.

"ఇంజనీరు కుర్రోడొచ్చి ఎట్టేడు కదా బావా?"

ఆడు టైపు కొట్టేడు కన్నబాబూ, సెప్పింది నేను. బంగారయ్య గారు మంచాన పడ్డ ఏడు, పాత మేనేజరు నా కుర్చీలో కూకుని, మంచం మీదున్నోడికి సభ్యత్వం ఏటని డిలీట్ నొక్కేడు. పోలేదు. ఈ రైతు మీద నాలుగు మడులున్నాయి, తియ్యడం కుదరదని ఎర్రక్షరాలొచ్చేయి. మళ్ళీ నొక్కేడు. పొద్దున్నించి భోజనాల వరకూ నొక్కేడమ్మా, మీట మీద అక్షరాలు అరిగిపోయి ఆడి వేలుకి అంటుకున్నాయి. ఆ తరవాత ఏటయిందో తెలుసా? కోపమొచ్చి కరెంటు తీగ పీకేసేడు. కరెంటు లేదు, తెర మీద ఎర్రక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి!

"తీగ పీకేత్తే ఎలా ఉంటాయి బావా?"

కాపలా అంటే అది. అక్కడితో ఆగలేదాడు. కంప్యూటర్‌లో తియ్యలేకపోతే చేలోనే తీసేత్తానని ట్రాక్టరు తోలించేడు, రోలుగుంట ఊరవతల ఆ నాలుగు మడుల మీదకే. ట్రాక్టరు గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఇంజను తిరుగుతంది, చక్రం కదల్దు. చెరుకు గడలు నాలుగూ నాలుగూ కలిసి గోడలా నిలబడ్డాయి. నేను కళ్ళారా సూసేను.

"నువ్వు ఆఫీసులో ఉన్నావన్నావు కదా!"

సాయంత్రం ఎళ్ళేను. ఇంక అసలుది విను ధనశ్రీ. ఇది నవ్వులాట కాదు. బంగారయ్య గారికి ఆఖరి గడియ వచ్చింది. యమభటులు ఇద్దరొచ్చేరు. చిట్టా తెరిచేరు, ఆయన పేరు మీద ఏలు ఎట్టేరు, కొట్టేద్దామని. గీత పడలేదు! ఈయన నంబరు మీద మడులున్నాయి, తియ్యడం కుదరదంది చిట్టా. ఇద్దరూ మొహాలు సూసుకుని వట్టి సేతుల్తో ఎళ్ళిపోయేరు.

"ఆళ్ళదీ మన సాఫ్ట్‌వేరేనా?"

అదే. కాపోతే పాత వెర్షన్. పదకొండు రోజులు తల్లీ! పదకొండు రోజులు ఆయన ప్రాణం నా ఫారిన్ కీ ఆపింది. మడులన్నీ వదిన పేరు మీదకి మార్చేకే ఆయన కళ్ళు మూసేరు. కావాలంటే వదిన్నే అడుగు. సెప్పండొదినా.

"ఆయన పొద్దున్నే పశువుల సాల్లో పడిపోయేరు బాబూ. మంచం పట్టలేదు. మద్దినేళకి పోయేరు."

వదినా, అది...

"మరణం కాయితం నేనే తెచ్చి నీ సేతిలో ఎట్టేను. నువ్వు ఒకేపాలి నొక్కేవు. ఏ ఎర్రక్షరాలూ రాలేదు. నా పేరు రాయవా బాబూ అంటే తరవాత సూద్దామన్నావు. ఇప్పుడేమో మడులే కనపడ్డం లేదంటన్నారు."

"బావా, ఫోన్ ఇంకా రికార్డవతంది."

అవనీ. ధనశ్రీ, ఇంకో మాట ఉందమ్మా. కేస్కేడ్ అని. కాపలా ఉంటే ముందు మడులు మార్చి, ఆనక రైతుని తియ్యాలి. పోయినోళ్ళ పేర్లు అలా ఒక్కోటీ సేసి సేసి ఇసుగొచ్చి, ఇంజనీరు కుర్రోడి సేత నేనే కాపలా తీయించేసి కేస్కేడ్ ఎట్టించేను. అదుంటే పై పేరు తీసిన వెంటనే కింద మడులూ వాటంతటవే పోతాయి. అడగదు, ఆపదు. బంగారయ్య గారి పేరుతో వదిన మడులు నాలుగూ నేనే తుడిసేసేను.

"అయ్యన్నీ నాకేటి తెలుసు బాబూ. సెరుకు పూతకొచ్చేసింది. ఇయ్యాల ఎక్కుతాదా, ఎక్కదా?"

ఎక్కుతాదొదినా. ముందు మీ పేరు రైతుల్లో ఎక్కాలి. పేరు లేకుండా మడి ఎక్కదు. మీకు నంబరొచ్చేక ఆ నంబరు మీద మడులు నాలుగూ. ధనశ్రీ, ఇదే వరస, రాసుకో, ముందు మనిషి, ఆనక మడి, ఇంక మీ మావయ్య సెప్పిన ఆ ట్రాక్టరు...

"చంద్రమౌళి గారూ! తలుపు తీసేం. మేనేజరు గారు పిలుత్తన్నారు!"

ఆఁ, ధనరాజూ, వత్తన్నాను! వదినా, ఆ పాసు పుస్తకం ఇలా ఇవ్వండి.