ముప్పై ఒకటో ఇల్లు

కాలేజీలో గైడు గది. బల్ల మీద నింపిన ఫారాలు అరవై. బల్లకు ఇటు వారం క్రితమే ఈ కాలేజీకి వచ్చిన గైడు మేడమ్, అటు పాత గైడు వదిలి వెళ్లిన విద్యార్థిని.

"అంటే నీ లెక్క ప్రకారం అరవై ఇళ్లలో విరేచనాలు పట్టుకున్నది ముగ్గురు పిల్లలకే. ఆ కాలనీ ట్యాంకు నీళ్లు అమృతమన్నమాట."

"ఫారాల్లో ఉన్నదే లెక్క కట్టాను మేడమ్."

"సోమవారం ఇది నీళ్ల ఆఫీసుకు వెళ్తే ఇక వాళ్లు ట్యాంకు కడగరు. పైగా నీకు చేతులెత్తి దండం పెడతారు. అసలు సర్వేయే ఎందుకు ఎంచుకున్నావు?"

"త్వరగా అయిపోతుందని. నేనుండే కాలనీయే కాబట్టి తలుపులు తీస్తారని."

"తీశారులే. నువ్వు లోపలికి వెళ్లావా అని నా అనుమానం. మొదటి ప్రశ్న చదువు."

"'ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు ఉన్నారా?'"

"లేరంటే?"

"'ధన్యవాదాలు చెప్పి పక్కింటికి వెళ్లాలి.'"

"ఈ వాక్యం రాసిందెవరు?"

"నేనే మేడమ్."

"మరి విరేచనాలతో పోయిన బిడ్డ ఏ గడిలోకి వస్తుంది?"

"ఐదో ప్రశ్నలో... కాదు. ఆరోదాంట్లో, ఆసుపత్రికి తీసుకెళ్లారా అని..."

"అక్కడిదాకా నువ్వు వెళ్లవు. మొదటి ప్రశ్నకే గుమ్మం దిగిపోతావు. ఉన్నవాళ్లను లెక్కపెట్టే పద్ధతి పెట్టుకుని పోయినవాళ్ల సంగతి తెలుసుకోవాలంటే ఎలా? ఏం తెలుసుకోవాలో ముందు తేల్చుకోవాలి, తర్వాతే పద్ధతి. సరే, ఈ ముప్పై ఒకటో ఫారం ఏమిటి?"

"అది లెక్కలోకి రాదు మేడమ్. పిల్లల్లేరు. పక్కన పెట్టేయండి."

"కోడిగుడ్డుకు ఈకలు పీకుతానని నాకు పేరుందిలే. నీలం సిరాతో 'ఉన్నారు, ఒకరు, పద్నాలుగు నెలలు' అని రాశావు. తర్వాత నల్ల సిరాతో కొట్టేసి 'లేరు' అన్నావు."

"పొరపాటు మేడమ్."

"పొరపాటున ఎవరైనా పద్నాలుగు నెలలని రాస్తారా?"

"వేరే ఇంటిది ఇందులో..."

"తేదీ కూడా నల్ల సిరాతోనే వేశావు. దాని ప్రకారం ముప్పయ్యో ఇంటికీ దీనికీ మధ్య పన్నెండు రోజులు సర్వే ఆగింది. ఎందుకు?"

"ఇంట్లో పనుండి సెలవు పెట్టాను. పాత గైడుగారికి చెప్పాను."

"ఆ పన్నెండు రోజుల్లోనే ఆ బిడ్డ పోయిందా?"

"మూడో రోజున."

"దేంతో?"

"విరేచనాలే. రెండు రోజులు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో పట్టారు. ఆ నీళ్లూ ఆ ట్యాంకువే. కాచారు మేడమ్, కాచకుండా పట్టలేదు. సరిగ్గా కాగాయో లేదో."

"ఇంత తెలిసీ కొట్టేశావు."

"రూలు ప్రకారమే మేడమ్. ఆ రోజుకి లేరు కదా. లేరంటే లేరు."

"రూలు మనం పెట్టుకున్నదేనమ్మా, మనమే దిద్దుకోవచ్చు. ఫారాలు ఇక్కడే వదిలెయ్. ఆ ఇంటికి వెళ్లు. పెన్ను మూసేసి ఆ తల్లి పక్కన కూర్చో. ఎక్కడ మొదలుపెడితే అక్కడి నుంచి విను. ఏడిస్తే ఏడవనీ, మధ్యలో అడ్డం పడకు. ఇదీ ఒక పద్ధతే."

"ఆమె మాట్లాడదు మేడమ్."

"అడగందే ఎలా తెలుసు?"

"రోజూ అడుగుతూనే ఉన్నాను. నోరు పెగలదు."

"నీకు చెప్పనిది నాకు చెబుతుందేమో. పద, నేనూ వస్తాను. ఆమె పేరేమిటి? జవాబు చెప్పినవాళ్ల పేరు రాసే గడి ఖాళీగా వదిలేశావు. ఆ రోజు తలుపు తీసిందెవరు?"

"తలుపు కొట్టలేదు మేడమ్."

"కొట్టకుండానే 'లేరు' అని ఎలా రాశావు? ఎవరిని అడిగావు, ఎవరు చెప్పారు?"

"అడిగిందీ నేనే మేడమ్. చెప్పిందీ నేనే."