మాళమ్మ కదురు, గండడి నడక

మాళమ్మను కుక్క ఈడ్చుకుపోయిందంట, నడిబజార్లో, అందరూ చూస్తా ఉండంగా. ఎవరా మాళమ్మ అంటారేమో, కురువ బీరప్ప పెండ్లాం, గొర్ల మంద ఉండేటోళ్లు. కుక్క పేరు గండడు. దూడంత ఉంటాది అనుకో. తోడేలు నోట్లోంచి గొర్రెపిల్లను గుంజుకొచ్చిన కుక్క, బదులుగా ఒక చెవి దానికిచ్చి వచ్చింది. కొండమీద దానంత బుద్ధిమంతుడు లేడు. ఊర్లోకొస్తే మాత్రం పిల్లిని చూసినా లాగుడే, కోడిని చూసినా లాగుడే. ఆ పొద్దు ఓబుళరెడ్డి ఇంటిముందర పుంజు అడ్డమొచ్చె, ఇది ఒక్క ఊపు ఊపె, మాళమ్మ పోయి రెడ్డి భార్య ఆరబోసిన వడియాల మీద పడె. వడియాలు పాయ, మోకాలు పాయ, మర్యాదా పాయ.

ఏమైందంటే, ఏటేటా ఓబుళరెడ్డి చేన్లో మంద కట్టేది వీళ్లే. రాత్రంతా గొర్లు చేన్లో పండుకుంటే చేనికి ఎరువు, వీళ్లకు గింజలు. ఏడాది కూడు అదే అనుకో. చేనికి పోవాలంటే ఆ బజారొక్కటే దోవ. రెడ్డి మంచోడే, అయినా ఇంట్లో ఆడమనిషి మాట ఉంటాది కదా, మీ ఇండ్లల్లో లేదా ఏంది? ఆయన బీరప్పను పిలిచి, అమాస పోయినాక మందను తోలుకురాండి, కుక్క తాడు వదులుగా వేలాడతా ఉంటే రాండి, బిగిసిందా, అట్నుంచి అటే తిరగండి అన్నాడంట. కుక్క లేకుండా పోదామంటే తోడేళ్లు ఊరుకుంటాయా? బీరప్ప ఇంటికొచ్చి, దీన్ని ఎవరికన్నా ఇచ్చేసి ఇంకోదాన్ని తెద్దామే అన్నాడు. మాళమ్మ మోకాలికి పసుపు పెట్టుకుంటా ఉంది. తలెత్తి చూసింది.

“మన గొర్రెపిల్ల కోసం చెవి ఇచ్చిందది. నేను నడక నేర్పియ్యలేనా? ఇదే కుక్క, అదే బజారు. చూస్తా ఉండు” అనింది.

ఇంక చూడండి, ఊర్లో ప్రతోడూ గురువే. దొంగగొడ్డుకు కట్టినట్టు మెడలో గుదికొయ్య కట్టు అన్నాడొకడు. కట్టింది. గండడు కొయ్యతో సహా లాగె, కొయ్య వచ్చి మాళమ్మ కాలికే తగిలె. ఉరిముడి వెయ్యి అన్నాడు బీరప్ప. వేసింది. నాలుక బయటపెట్టి దగ్గుతా దగ్గుతా లాగె, లాగుడు మానలా. ఇంక మరిది వంతు. తోడేలు గొంతు పట్టకుండా మనోళ్లు కుక్కకు ఇనప ముళ్ల పట్టీ కడతారు కదా, ముళ్లు బయటికి. దాన్ని తిరగేసి ముళ్లు లోపలికి కట్టు వదినా, ఎందుకు ఆగదో చూద్దాం అన్నాడు. మాళమ్మ ఆ పట్టీని తిరగేసి తన మణికట్టుకే చుట్టుకొని, తాడు మరిది చేతికిచ్చి లాగు అనింది. వాడు అట్ల లాగినాడో లేదో, ఇట్ల రగతం చుక్క. ఆమె ముళ్లు మళ్లీ బయటికి తిప్పి, పట్టీని మేకుకు తగిలించి, “దానికి శత్రువు తోడేలబ్బీ, నేను కాదు” అనింది.

కూర్చొని నల్లగొర్రె ఉన్నితో అరచెయ్యంత వెడల్పు పట్టీ అల్లింది. రెండు వేళ్లు దూరేంత వదులు. మెడ కోసుకోదు, గొంతు నొక్కదు, అంతా బాగుంది. లాగుడు మాత్రం ఎట్లుండేదో అట్లే ఉంది.

ఇప్పుడు వినండి. మన కురువోళ్లు ఉత్తచేతుల్తో నడవరు. గొర్ల వెంట పోతా పోతానే కదురు తిప్పతా ఉన్ని వడుకుతారు. మాళమ్మ రెండు చేతులూ కదురుకు పాయ, కుక్క తాడు నడుముకు కట్టుకునింది. గండడు లాగె, దారం పుటుక్కున తెగె. మాళమ్మ నిలబడి దారం అతుక్కునింది. కుక్క కొంచేపు లాగి లాగి, ఇదేంది ఈమె రాదే అని వెనక్కొచ్చి పక్కన నిలబడె. అప్పటికి దారం అతికింది, ఆమె నడిచింది. మళ్లీ లాగె, మళ్లీ తెగె, మళ్లీ నిలబడె. ఆ పొద్దు వడికిన దారమంతా ముడులే అనుకో. పొద్దు వాలేటప్పుడు కుందేలు కనపడితే గండడు ఒక్క అడుగేసి, ఆగి, తిరిగి కదురు వంక చూసెనంట. మాళమ్మకు అప్పుడు తట్టింది. ఓహో, ఇది ముందుకు పోవాలని కదా లాగేది, లాగితే దోవే ఆగిపోతాదని దీనికి తెలిస్తే చాలు కదా అని.

ఇంక దారం తెగకపోయినా సరే, తాడు బిగిస్తే నిలబడేది. పక్కకొస్తే జొన్నరొట్టె ముక్క, మళ్లీ నడక. కొండమీద నేర్పింది, బీడు భూముల్లో నేర్పింది, ఊరి చివర కోళ్లుండే చోటా నేర్పింది. ఇట్ల నడిస్తే చేను చేరేలోగా గొర్లు ముసలివైతాయే అన్నాడు బీరప్ప. ముసలి గొర్లతోనే పోదాంలే అనింది.

అమాస పోయె. బజారంతా జనం. రెడ్డి భార్య కావాలనే అదే చోట వడియాలు పోసి, అరుగు మీద కూర్చునింది. ముందు మాళమ్మ, పక్కన గండడు, వెనకాల మంద, మంద వెనక బీరప్ప. పుంజు రానే వచ్చె. గండడు మెడ చాచె. వేలాడే తాడు పైకి లేచె, లేచె, ఇంక బిగుస్తాదనంగా మాళమ్మ నిలబడిపోయె. చేతిలో కదురు తిరుగుతానే ఉంది. గండడు పుంజును చూసె, కదురును చూసె, ఒక అడుగు వెనక్కేసి ఆమె కాలిపక్కన నిలబడె. తాడు వదులై నేల తాకె. దారం తెగలా.

అంతా బాగుంది కదా, వెనక బీరప్పకు ఆత్రం. ముందర ఎందుకాగినారో అని గొర్లను తోసుకుంటా పక్కనుంచి ఉరికొచ్చి, వడియాల మీద కాలేసె. రెడ్డి భార్య వడియాలు చూసింది, బీరప్పను చూసింది, “మాళమ్మా, మందను తోలుకో. ఆ ఉన్ని పట్టీ ఇంకోటి అల్లి నీ మొగునికి కట్టు” అనింది.

ఆ రాత్రి మంద చేన్లోనే పండుకునింది. ఈ కత విని నేనూ మా దూడకు నేర్పిద్దామని తాడు పట్టుకొని నిలబడినా. నేను నిలబడినంతసేపూ అది గడ్డి తినింది. నా చేతిలో కదురు లేదు కదా, దానికి చూసేదానికేముంది?