బొంత తిరగేసి చూస్తే

ముట్టుకోలేదు బాబూ, ముట్టుకోలేదు! దగ్గరికెళ్ళి చూశానంతే. ముక్కు ఆనినంత మాత్రాన ముట్టుకున్నట్టా? దానికే స్టూలు మీంచి లేచి పరిగెత్తుకు రావాలా?

పొద్దున గుమ్మం దగ్గర నా సంచీ అంతా తడిమి కత్తెర తీసుకున్నది నువ్వే కదూ? బదులుగా ఇత్తడి బిళ్ళ ఇచ్చావు, నలభై ఒకటో నంబరుది. ఇదిగో, భద్రంగానే ఉంది. నా కత్తెర కూడా అంతే భద్రంగా ఉండాలి. ఏ సొరుగులో పెట్టావు? తాళం ఉందా? ఊరికే అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు.

నేను దారిన పోతూ ఈ బొంతల పోటీ చూడ్డానికొచ్చిన దాన్ని కాదు నాయనా. ముప్ఫై రెండేళ్ళుగా బొంతలు కుట్టి బతికినదాన్ని. చూడు ఈ వేలు. అంగుస్తాన్ టోపీ తొడిగినా సూది ఎన్నిసార్లు దిగిందో, ఇప్పుడిక్కడ గిల్లినా తెలీదు.

పని తెలిసినదాన్ని కాబట్టి మంచి పని కనబడితే మెచ్చుకుంటాను కూడా. ఆ మూల నక్షత్రాల బొంత ఉంది చూశావా? ఒక్కో ముక్క నా బొటనవేలి గోరంత. ఎనిమిది ముక్కల కొసలు ఒక్క చోట కలవాలి. దారప్పోగంత తేడా వచ్చినా మధ్యలో బొడిపె లేస్తుంది. చెయ్యి పెట్టి చూడు... ఆఁ ఆఁ, ముట్టుకోకూడదు, మర్చిపోయాను. ఆ పక్కన తెల్ల గుడ్డ మీద తెల్ల దారంతో కుట్టింది మరీను! దూరం నుంచి చూస్తే ఉతికి ఆరేసిన దుప్పటి, దగ్గరికెళ్తే ఒంటినిండా ఆకులూ తీగలూ. ఎవరి చేతులోగానీ కళ్ళకద్దుకోవాలి. వాటితో నాకే పేచీ లేదు.

నా పేచీ అంతా దీనితోనే.

బాగా లేదని ఎవరన్నారు? బాగుంది కాబట్టే అనుమానం. వీధి మొత్తం దింపేసింది చూడు. మేడలు, పెంకుటిళ్ళు, మెట్లు, ప్రతి కిటికీకీ ఒక్కో రకం గుడ్డ. గోడల మీద ఎండ పడిన చోట లేత రంగు, నీడ పడిన చోట ముదురు. పాత గుడ్డల్లోంచి ఎండని వెతికి తీసిందంటే మాటలా? పొద్దుటినుంచి జనం దీని ముందునుంచి కదలడం లేదు.

ఇప్పుడు ఆ అట్టముక్క చదువు. నువ్వే చదువు, నేను చదివితే ఈర్ష్య అంటారు. "ఒంటిచేతి పని. ఏడేళ్ళు." కింద ఎవరి పేరు? ఆవిడ మా తోడికోడలు! మా బావగారి భార్య, మా పెద్దావిడ.

మా పెద్దావిడ సంగతి నాకు తెలీదా? సూదిలో దారం ఎక్కించుకోవడానికి పక్కింటివాళ్ళని కేకేసే మనిషి. గుండీ కుడితే చొక్కాతోపాటు తన కొంగు కూడా కలిపి కుట్టేసుకున్న ఘనురాలు. ఆవిడ ఒంటిచేత్తో ఇది కుట్టిందంటే, నేను విమానం నడిపానన్నా నువ్వు నమ్మాలి.

అంతేనా? అసలు సంగతి విను. ఎడమవైపు నుంచి మూడో ఇల్లు. పై కిటికీ. నీలం గళ్ళ గుడ్డ కనబడుతోందా? అది మా ఆయన చొక్కా.

నవ్వకు. నీలం గళ్ళు లోకంలో లక్ష ఉంటాయి, నాకూ తెలుసు. ఆ గళ్ళ మధ్యలో చిన్న రఫ్ఫు ఉంది చూడు, అది నేను చేసింది. జేబు మీద బీడీ నిప్పు పడి కాలితే, నీలం దారం దొరక్క బూడిదరంగు దారంతో పూడ్చాను. నా రఫ్ఫు నేను గుర్తుపట్టనా?

ఆయన పోయాక బట్టలు సర్దడానికి పెద్దావిడే సాయం వచ్చింది. అన్నీ దొరికాయి, ఆ ఒక్క చొక్కా తప్ప. ఎవరు తీసుంటారు? నేను పైకి అనలేదు. మనసులో పెట్టుకున్నాను. పదేళ్ళుగా ఆవిడ ఎదురుపడితే చేతివంకే చూస్తాను, మొహంవంక చూడను. ఇవాళ దొంగసొత్తు అందరి కళ్ళముందూ గోడకి వేలాడుతోంది! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది ఆవిడ వ్యవహారం.

అందుకే చెయ్యాల్సిన పని చేసేశాను. ఆ బల్ల మీద తాళం వేసిన పెట్టె ఉందే, ఫిర్యాదుల పెట్టె, అందులో కాగితం రాసి పడేశాను. "ఇది ఒక్కరి పని కాదు, విచారించవలసింది" అని. సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టాలి? నాలుగింటికి పోటీ పెద్దలు పెట్టె తెరుస్తారట కదా, చూసుకుంటారు.

కానీ బాబూ, మాట అన్నాక రుజువుండాలి కదా. ఎవరైనా అడిగితే? అందుకే మళ్ళీ వచ్చాను. బొంత మొహం అబద్ధమాడుతుంది. వెనకపక్క ఆడదు. ముడులెక్కడ వేశారు, దారం ఎక్కడ తెంపారు, ఎవరి చెయ్యి ఎక్కడ ఆగింది, అన్నీ అస్తరు మీద తెలిసిపోతాయి. నువ్వు చేతులకి తెల్ల తొడుగులు వేసుకున్నది అందుకే కదా? అడిగినవాళ్ళకి తిరగేసి చూపించడానికే కదా? మరి చూపించు. నేను చేతులు వెనక్కి కట్టుకుంటాను. ఇదిగో, కట్టుకున్నాను.

ఆఁ. కింది మూల ఎత్తు. ఇంకొంచెం.

ఇదిగో! చెప్పానా? ఈ పెద్ద పెద్ద కుట్లు, గంతులేసుకుంటూ పోయేవి, ఇవి మా పెద్దావిడవి. సందేహం లేదు. కోడి నడిచినట్టుంది. ఇక్కడిదాకా ఆవిడ. ఇప్పుడు ఇటు చూడు, ఈ అంచు. గింజగింజా లెక్కపెట్టినట్టు ఎంత సన్నగా ఉన్నాయో! ఇవి ఆవిడ చేతివి కావు. ఇద్దరున్నారు. నేనన్నదే నిజం! ఒంటిచేతి పనిట, ఒంటిచెయ్యి!

ఉండు. వెలుతురుకి పట్టు.

కుట్లు అటు వాలాయేమిటి?

లేదు, నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు. కుడిచేత్తో కుట్టేవాళ్ళ అంచు కుట్లన్నీ ఒకవైపుకి వాలతాయి. ఇవి రెండోవైపుకి వాలాయి. అంటే ఎడమచేతి వాటం. పుర్రచెయ్యి.

దారం ఆపిన చోటు చూపించు. ముడి దగ్గర. ఒకే చోట మూడు కుట్లు, ఒకదాని మీద ఒకటి... పక్కది కూడా చూపించు. దానికీ మూడేనా? అన్నిటికీ మూడేనా?

వదిలెయ్. చాలు. దించెయ్ బాబూ.

కాసేపు నీ స్టూలు మీద కూర్చోనా? నీళ్ళేం వద్దు.

మా అమ్మాయి. ఒక్కతే. పుర్రచెయ్యి. నా చేతి కిందే పని నేర్చుకుంది. కుడిచేత్తో కుట్టవే అని ఎన్ని మొట్టికాయలు వేశానో. నేను చూస్తున్నంతసేపూ కుడిచేత్తో కుట్టేది, అటు తిరిగితే సూది ఎడమచేతిలోకి మారేది. కుట్టాక ముడి గట్టిగా ఉందో లేదోనని నేను లాగి చూసేదాన్ని. ఒక్కోసారి ఊడొచ్చేది. అప్పటినుంచి దారం ఆపిన ప్రతిచోటా మూడు కుట్లు వేసేది. "ఇప్పుడు లాగి చూసుకో" అనేది.

లోకంలో ఇంకెవరూ అలా కుట్టరు. వాళ్ళెవరికీ నాలాంటి అమ్మ ఉండదు.

ఎనిమిదేళ్ళయింది ఇల్లు వదిలి. ఈ అట్ట మీద ఏడేళ్ళని రాసుంది. అంటే వాళ్ళ దొడ్డమ్మ, అదే మా పెద్దావిడ, దగ్గర చేరి మరుసటి ఏడే పని మొదలుపెట్టిందన్నమాట. చొక్కా కూడా అదే తీసుకుని ఉంటుంది. వాళ్ళ నాన్న చొక్కా. అడిగితే ఇవ్వనా? ఇవ్వనులే. ఎందుకే, ఎవరికిస్తావే అని నిలదీసేదాన్ని.

మూడో ఇల్లు అంటే... అది మా ఇల్లే. బయటినుంచి మెట్లు, పైన ఒకే కిటికీ. ఇందాక అన్ని ఇళ్ళకీ తలుపు ఉంది, దీనికి లేదేమిటి, పెద్దావిడ మర్చిపోయి ఉంటుందని లోలోపల నవ్వుకున్నాను కూడా. మర్చిపోలేదు.

ఎందుకు వెళ్ళిపోయిందంటావా? కత్తెర వల్ల. నీ సొరుగులో ఉందే, ఆ కత్తెర.

మా అమ్మ నాకిచ్చింది అది. కొంగముక్కులా సన్నగా, దారం తెంపితే చప్పుడు కూడా రాదు. ఒకరోజు కనబడలేదు. ఇల్లంతా వెతికాను. అంతకుముందు రోజే పెద్దావిడ వచ్చి, "ఎంత ముద్దుగా ఉందే మీ అమ్మ కత్తెర" అని మా పిల్లతో అంది. నాకది చాలదూ? నువ్వే తీసి మీ దొడ్డమ్మకి ఇచ్చావన్నాను. లేదంది. పని చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు వరండాలో కూర్చుని ఉండగానే దాని పెట్టె తీసి నేల మీద కుమ్మరించాను. అది తన జేబులు కూడా తనే తిరగేసి చూపించింది. ఆ తర్వాత వంగి ఒక్కో బట్టా మడతపెట్టుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ దొడ్డమ్మ ఇంటికేనని నాకు ఇవాళ్టిదాకా తెలీదు, ఆ తర్వాత ఆవిడ గుమ్మం నేను తొక్కితే కదా. తెలిస్తే ఇంకేమనేదాన్నో.

బాబూ, ఆ పెట్టె తాళం నీ దగ్గర ఉందా? నా కాగితం ఒక్కటి తీసిచ్చెయ్. నేనే వేశాను కదా, నేనే తీసుకుంటాను.

నీ దగ్గర లేదా. కార్యదర్శి దగ్గరా. ఆయనేమో పెద్దల్ని వెంటబెట్టుకుని గాని రాడు. సరే. టైమెంతయింది? మూడున్నరా?

ఇద్దరి పని అని తేలితే పోటీలోంచి తీసేస్తారు కదూ? అవునులే, నియమం నియమమే. సంతకం లేదు కదా అనుకున్నాను. సంతకం ఎందుకు, నా రాత దానికి తెలీదా? దాని పలక మీద అక్షరాలు దిద్దించింది నేనే.

తన పేరు కూడా ఎందుకు వేసుకోలేదో ఇప్పుడర్థమైంది. పేరు కనబడితే నేను వచ్చి తిరగేసి చూస్తానని. వెయ్యకపోయినా వచ్చి చూశాను, చూడు!

నా బతుకంతా అనుమానాలే. పాలవాడి మీద, పక్కింటివాళ్ళ మీద, ఆయన మీద, కన్నకూతురి మీద. ఒక్కటీ నిజం కాలేదు. ఇవాళ మొదటిసారి ఒకటి నిజమైంది. కాగితం మీద రాసిందంతా నిజమే. ఏం బావుకున్నాను?

కత్తెర మళ్ళీ ఎలా దొరికిందని అడగవేం? నువ్వు మంచివాడివి, అడగవు. నేనే చెబుతాను. ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ.

ఒక పంతులమ్మ నా దగ్గర కుట్టించుకుని, మూడేళ్ళు బీరువాలోనే దాచి అప్పుడే పరిచిన బొంత వెనక్కి పట్టుకొచ్చింది. అమ్మా, పడుకుంటే పక్కలో ఏదో గుచ్చుకుంటోంది అని. తడిమి చూశాను. గట్టిగా తగిలింది. కుట్లు విప్పాను. దూది మధ్యలో ఉంది నా కత్తెర. నేల మీద దూది పరిచినప్పుడు ఫ్యాను గాలికి లేవకుండా మూల మీద నేనే పెట్టుంటాను. దాని మీదే గుడ్డ కప్పి, నా చేత్తో నేనే నాలుగు వైపులా కుట్టేశాను. పిల్ల పెట్టె కుమ్మరించిన రోజున అది ఆ బొంతలోనే ఉంది, వరండాలో, దాని పక్కనే.

ఇది జరిగి ఐదేళ్ళు.

ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? మొదట సిగ్గు. తర్వాత, చెబితే నమ్ముతుందా, నువ్వే దాచిపెట్టి ఇప్పుడు నాటకమాడుతున్నావంటుందేమోనని అనుమానం. చూశావా, క్షమాపణ అడగడానికి కూడా నాకు అనుమానమే అడ్డొచ్చింది. సంచీలో వేసుకుని తిరుగుతున్నాను. ఎక్కడైనా ఎదురుపడితే ఇద్దామని. ఎదురుపడితే ఇచ్చేదాన్నో లేదో అది వేరే సంగతి.

నేను వెళ్తాను. పెట్టె తెరిచేటప్పుడు ఇక్కడ ఉండలేను.

ఇదిగో నలభై ఒకటో నంబరు బిళ్ళ. పెద్దావిడతో పాటు ఒకమ్మాయి వస్తుంది. ఎలా పోల్చుకోవాలంటావా? బొంత తీసుకెళ్ళేటప్పుడు సంతకం పెట్టించుకుంటావు కదా, ఆ అమ్మాయి చేత పెట్టించు. కలం ఎడమచేత్తో పట్టుకుంటే మా పిల్లే. ఆ కత్తెర దానికిచ్చెయ్.

దొరికిందని చెప్పు. ఎక్కడ అంటుంది. మీ అమ్మ కుట్టిన బొంతలోనే అని చెప్పు. ఎప్పుడు అని కూడా అడుగుతుంది, అడిగే పిల్లే. ఐదేళ్ళ కిందట అని చెప్పు. తగ్గించి చెప్పకు. ఆ కాగితం ఎవరు రాశారని మాత్రం అడగదు.

ఆగాగు. ఈ బిళ్ళ నా దగ్గర తీసుకున్నట్టు ఒక చీటీ రాసివ్వు. తేదీ, నంబరు, నీ సంతకం. నిన్ను అనుమానించి కాదు నాయనా, లోకం ఎలా ఉందో తెలీదూ...

వద్దులే. కలం జేబులో పెట్టుకో. ఒక్కసారి, ఒక్క మనిషిని, చీటీ లేకుండా నమ్మి చూస్తాను.

పోతే పోయేది కత్తెరే కదా.