జున్ను గడ్డం కింద

గేదెలకే గానీ పిల్లులకు వైద్యం లేదా అండీ ఈ ఆసుపత్రిలో? పొద్దున ఎనిమిదింటికి వచ్చి కూర్చున్నాను డాక్టరమ్మా. నా తర్వాత వచ్చిన దూడకి సూది అయిపోయింది, మేకపోతుకి కట్టు అయిపోయింది. మీ కాంపౌండరు గారైతే నా వైరు బుట్టలోకి తొంగి చూసి, "పిల్లికి కూడానా?" అని ఒకటే నవ్వు. నవ్వుకోమనండి. ఆయన నవ్వితే దీని నొప్పి తగ్గుతుందా?

పేరా? మల్లేశ్వరి అండి. ఓ, పిల్లిదా? జున్ను. తెల్లగా ఉందని మా అమ్మాయి పెట్టింది.

అయ్యో, మెల్లగా అమ్మా! అక్కడే, గడ్డం కింద. చూశారా? మొదట నల్లచుక్కలండి. ఉప్మాలో మిరియాల పొడి జల్లినట్టు. మట్టేమో అనుకున్నా. తుడిస్తే పోలా. పేలేమో అని దువ్వెన పెట్టా. పేలూ కావు. తర్వాత చిన్న చిన్న కురుపులు లేచాయి. ఇదిగో, ఇప్పుడిలా వాచిపోయి, వెంట్రుకలు ఊడిపోయి... పాలు తాగుతుంటే గిన్నె అంచు తగిలితే చాలు, ఎగిరి పడుతోంది.

ఏంటీ? మొటిమలా? పిల్లికి మొటిమలేంటండీ, అదేమన్నా ఇంటర్ చదివే పిల్లా? ఊరుకోండి, మీరూ నవ్విస్తున్నారు.

దేంట్లో పెడుతున్నానా? ఐస్‌క్రీం డబ్బాలోనండి. ఆ, ప్లాస్టిక్‌దే. ఏడాదినుంచీ అదే. గీతలు పడిపోయింది. గీతల్లో జిడ్డు చేరి, అదే గడ్డానికి అంటితే ఈ మొటిమలు వస్తాయా? చూశారా మరి! ఆ డబ్బా నేను తేలేదండి, మా ఆయన తెచ్చాడు, ఎవరిదో పెళ్లి భోజనాల్లో మిగిలితే. ఇంటికెళ్లగానే పారేస్తా. స్టీలు గిన్నె పెడతా, రోజూ తోముతా. అమ్మయ్య! ఇంతేనా? నేనింకా ఏమో అనుకుని...

అబ్బే, ఏమీ అనుకోలేదండి. ఊరికే అన్నా.

ఎరుపా? మొటిమలకి ఇంత ఎరుపు రాదంటారా? ఏం రాస్తానండీ నేను! మొదట్లో పక్కింటి సిద్దికా చెబితే పసుపూ వేపనూనే కలిపి రాశా. ఒక్కసారే. అదంతా నాలికతో నాకి కక్కుకుంది, మానేశా. మందుల షాపతను గజ్జి మందు ఇచ్చాడు గానీ మూత కూడా తీయలేదు, ఒట్టు. గోరువెచ్చటి నీళ్లు, అంతే. వేలు తడిపి మెల్లగా తుడిచేదాన్ని, సాయంత్రం పనినుంచి రాగానే. పుండు ఎక్కువైన కొద్దీ ఎక్కువసార్లు తుడిచా. చంటిపిల్ల మూతి కూడా అంత శ్రద్ధగా తుడవరండి.

ఏం పనా? నా పనికీ దీని గడ్డానికీ ఏంటమ్మా సంబంధం?

మిరపకాయల పనండి. మిర్చి యార్డు దగ్గర, కాయలకి తొడిమలు తీస్తాం. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా అదే పని. అంతకుముందు పత్తి తీతకి పోతాం.

అవును. పత్తి తీసినన్నాళ్లూ చుక్కలే. వాపు లేదు, మంట లేదు. మిరపకాయల్లోకి వచ్చాకే... అవునండి.

కడుక్కుంటానమ్మా! ఎందుకు కడుక్కోను? సబ్బు, చింతపండు, మజ్జిగ, కొబ్బరినూనె, అన్నీ అయ్యాయి. ఘాటు పోదు. గోళ్ల సందుల్లో ఉండిపోతుంది. మాకేమో తెలీదు, మా చేతులు మొద్దుబారిపోయాయి. అవతలివాళ్లకే తెలుస్తుంది.

మా తేజశ్రీ చంటిపిల్లప్పుడు ఏడుస్తోందని కళ్లు తుడిచానండి. ఒక్కసారి. వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది ఆ ఏడుపుకి. మా అత్త నా ఒళ్లోంచి లాక్కుపోయింది. ఇక అప్పట్నుంచి దాని కళ్లు తుడవడం, ముక్కు చీదడం, అన్నం కలిపి పెట్టడం, అన్నీ ఆవిడే. నేనెత్తుకోబోతే మొహం తిప్పేసుకునేది. ఇప్పుడు ఒంగోల్లో నర్సింగు చదువుతోందిలెండి. మంచి పిల్ల. సెలవులకొస్తే పక్కన కూర్చుని కబుర్లన్నీ చెబుతుంది. నేను బుగ్గ మీద చెయ్యి వేయబోతే మాత్రం కళ్లు గట్టిగా మూసేసుకుంటుంది. కావాలని కాదు, అలవాటు. దాన్నేం అంటాను?

ఈ జున్ను అలా కాదండి. నా చెప్పుల చప్పుడు వింటే చాలు, గుమ్మంలోకి ఉరికొచ్చి ఈ అరచేతిలో గడ్డం పెట్టేస్తుంది. ఇదిగో, ఇక్కడ. పెట్టి కళ్లు మూసుకుంటుంది. ఎంత బరువండీ అది, నిమ్మకాయంత. రోజంతా ఆ కారంలో కూర్చుని తుమ్మీ దగ్గీ వచ్చినదాన్ని, ఆ కాసేపట్లో అన్నీ మర్చిపోతా.

ఉప్పునీళ్లలో దూది ముంచి రెండు పూటలా తుడవాలా? సరే. నేను కాకుండా ఇంకెవరైనానా? ఎవరున్నారమ్మా? మా ఆయన కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల బస్తాలు మోస్తాడు. సిద్దికా నా పక్కనే కూర్చుని తొడిమలు తీస్తుంది, వాళ్ల కోడలూ అంతే. మా వీధిలో ఏ ఇంటికెళ్లినా ఈ చేతులేనండీ. దీని గడ్డం ముట్టుకోదగ్గ చెయ్యి ఒక్కటి లేదు.

చేతులకి తొడుగులా? తొడుక్కుంటే రాదమ్మా. రబ్బరు వాసనకి మంచం కింద దూరిపోతుంది. రొట్టె చూపించినా బయటికి రాదు.

ఆ... అవును. తొడుక్కుని చూశా. గురువారం.

అలా చూడకండి డాక్టరమ్మా. ఎందుకు తొడుక్కున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

డబ్బా వల్లే అని మీరంటే ప్రాణం లేచొచ్చింది. నా తప్పు కాదని మీ నోటినుంచి వినాలనే వచ్చా. కానీ నాకు తెలుసండి. బుధవారం తుడుస్తుంటే ఇది కీచుమని అరిచింది. ఆ అరుపు నాకు తెలుసు. ఇరవయ్యేళ్ల కిందట విన్నదే. అప్పుడే అర్థమైపోయింది, నా చెయ్యే దీన్ని కాలుస్తోందని.

గురువారం తొడుగులు తొడుక్కుంటే దగ్గరికి రాలేదు. శుక్రవారం తీసేశా. వచ్చేసింది. పుండు పెట్టుకుని, మూలుగుతూ మూలుగుతూనే వచ్చి చేతిలో గడ్డం పెట్టింది.

నేను చెయ్యి తీయలేదండి. శుక్రవారం తీయలేదు, శనివారం తీయలేదు, నిన్నా తీయలేదు. పుండు తుడుస్తున్నాలే, మంచికేలే అని నాకు నేనే చెప్పుకున్నా. తుడవడం లేదు, ఏమీ లేదు. ఊరికే పెట్టించుకుని కూర్చున్నా. ఇంకెవరు పెడతారండీ నా చేతిలో గడ్డం?

తిట్టండి. తిట్టరేం?

సూదికి పట్టుకోవాలా? నేను పట్టుకోనమ్మా. మీ కాంపౌండరు గారిని పిలవండి, ఆయనవి శుభ్రమైన చేతులు. నావి ఇదిగో, కొంగులో చుట్టేసుకున్నా.

అదిగో. చూశారా దీని పని? ఆయన చేతుల్లోంచి మెడ సాచి నా కొంగులో గడ్డం దూరుస్తోంది. తీయించండి డాక్టరమ్మా. మీరే తీయించండి, నా వల్ల కాదు.